మైదానం మాటలు: పూహోల్స్ వీడ్కోలుపై పాఠకుల ఉత్తరాలు

గత నెల ఈ శీర్షికలో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ఆల్బర్ట్ పూహోల్స్ 700వ హోమ్ రన్ (బంతిని హద్దు గోడ దాటించే దెబ్బ) కొట్టిన సంగతి నాలుగు ముక్కల్లో రాసి ఊరుకున్నాను. క్రికెట్టు, కబడ్డీ తప్ప మూడో ఆట పేరెత్తితే మన కోనసీమ నుంచి ఉత్తరం ముక్క రాదనుకోవడం నా పొరపాటే అయింది. ఇప్పుడతను ఆట పూర్తిగా మానేశాడు. నా బల్ల మీదున్న ఉత్తరాల్లో సగానికి పైగా అతని గురించినవే. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గౌతమి, వసిష్ఠల నడుమ ఏ వీధిలో చూసినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. ఆ పిల్లలకు పుట్టిన పిల్లలు అక్కడి ఆటలే ఆడుకుంటూ పెరుగుతున్నారు. అందుకని ఈ 2022 కార్తీకమాసపు సంచికలో మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఈ ఒక్క ఆటగాడికే చోటిస్తున్నాను. చాలామంది ‘పుజోల్స్’ అని రాశారు. స్పానిష్ మాట్లాడేవారి నోట ఆ పేరులో ‘జ’ పలకదు, ‘హ’ పలుకుతుంది.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి కుటుంబం సెయింట్ లూయిస్‌లో ఉంటుంది. అక్టోబరు 9, ఆదివారం పొద్దున్న ఫోనులో చూసేసరికి పదేళ్ళ మా మనవడు ఎర్ర టోపీ పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. దెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాను. ‘పూహోల్స్ ఇంక ఆడడు నానమ్మా’ అన్నాడు. ఇంతకీ ఎవరండీ ఈయన? పిల్లలు ఏడ్చేటంతటి వాడా?
(ఒక గృహిణి, అమలాపురం)

జవాబు: అమ్మా, ఆ ఉదయం మీ మనవడొక్కడే కాదు, ఆ ఊళ్ళో తాతలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అక్కడి కాలం ప్రకారం అక్టోబరు 8 రాత్రి సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు ఫిలడెల్ఫియా చేతిలో 2–0 తేడాతో ఓడి, ఈ ఏటి పోటీల నుంచి వైదొలగింది. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదో దానిలో పూహోల్స్ ఒక సింగిల్ కొట్టి మొదటి బేసుకు, అంటే పరుగు దారిలోని మొదటి మజిలీకి, చేరాడు. నలభై రెండేళ్ళ వాడు వేగంగా పరుగెత్తలేడు కనుక అతని బదులు మరొక కుర్రవాణ్ణి పరుగుకు పంపారు. అతను హెల్మెట్ తీసి మైదానం దాటి లోపలికి వెళ్ళిపోయాడు. ఇరవై రెండు సీజన్ల ఆట అక్కడితో ముగిసింది.

ఆయన 1980 జనవరి 16న డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలో పుట్టాడు. ఎక్కువగా నాయనమ్మ చేతుల మీదనే పెరిగాడు. ఈ మాట మీకు నచ్చుతుందని చెబుతున్నాను. 1996లో కుటుంబంతో అమెరికా చేరి, మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊళ్ళో హైస్కూలు చదువు చదివాడు. 1999లో జట్లు కుర్రవాళ్ళను ఎంపిక చేసుకునే వార్షిక పంపకంలో అతని పేరు పిలవడానికి ముందు 401 పేర్లు పిలిచారు. పదమూడో రౌండులో 402వ వాడిగా కార్డినల్స్ తీసుకుంది. మొదట ఇస్తామన్న 10,000 డాలర్లకు అతను ఒప్పుకోలేదు. ఆ వేసవంతా కళాశాల విద్యార్థుల పోటీల్లో ఆడి, చివరకు సుమారు 60,000 డాలర్లకు సంతకం చేశాడు. 2001 వసంతంలో ఒక సీనియర్ ఆటగాడికి గాయం కావడంతో జట్టులో ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలో ఇతను కూర్చున్నాడు. మొదటి ఏడే 37 హోమ్ రన్‌లు కొట్టి, తన దెబ్బలతో జట్టుకు 130 పరుగులు రాబట్టి, ఓటర్లందరి ఏకగ్రీవ నిర్ణయంతో, అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు.

ఆ తరువాత జరిగినదే అసలైన విడ్డూరం. 2001 నుంచి 2010 వరకు వరసగా పదేళ్ళు ప్రతి ఏడూ అతని సగటు (కొట్టబోయిన సార్లలో ఎన్నోవంతు దెబ్బ ఫలించిందన్న లెక్క) 0.300కి తగ్గలేదు, హోమ్ రన్‌లు 30కి తగ్గలేదు, రాబట్టిన పరుగులు 100కి తగ్గలేదు. పదకొండో ఏట ఆ వరస తెగింది. ఎంతతో తెగిందో చూడండి. సగటు 0.299, పరుగులు 99. మా స్కూలులో నూటికి తొంభై తొమ్మిది వచ్చిన పిల్లవాడు పేపరు పట్టుకుని మళ్ళీ దిద్దమని వెంటపడేవాడు. ఇతను మాత్రం ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే అక్కడి ఆఖరి కిరీటపు పోటీ, గెలిచి ఊరుకున్నాడు.

ప్రశ్న: హోమ్ రన్ అంటే మన సిక్సరే కదా? ఈ రోజుల్లో ఇరవై ఓవర్ల ఆటలో ఒక్క సాయంత్రం పదేసి సిక్సర్లు కొట్టేవాళ్ళున్నారు. ఇరవై రెండేళ్ళలో 703 అంటే అంత గొప్పగా చెప్పుకోవాలా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం)

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగారు. సిక్సరు మీద నాకు చిన్నచూపేమీ లేదు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో మన తెలుగువాడు సి.కె. నాయుడు ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేస్తూ 11 సిక్సర్లు కొట్టాడన్న సంగతి విద్యార్థులకు చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు మారుతుంది. కానీ ఈ రెండు దెబ్బల వెనుకనున్న కష్టం వేరు. క్రికెట్ బ్యాటు ముఖం చదునుగా ఉంటుంది, వెడల్పు 10.8 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. బేస్‌బాల్ బ్యాటు రోకలిలాగా గుండ్రంగా ఉంటుంది, లావైన చోట కూడా అడ్డుకొలత 6.63 సెంటీమీటర్లు దాటకూడదు. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని కొట్టినప్పుడు తాకిడి ఒక పిసరు కిందికి జరిగితే బంతి నిట్టనిలువుగా లేచి ఎవరి చేతుల్లోనో పడుతుంది; పిసరు పైకి జరిగితే నేల మీద దొర్లుతుంది. పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, నిలబడే దూరం 18.44 మీటర్లు, అంటే మన పిచ్ కంటే తక్కువే. బంతి నేలను తాకి రాదు, గాలిలోనే వంకరలు తిరుగుతూ వస్తుంది. మన బ్యాట్స్‌మన్‌లాగా వెనక్కి గ్లాన్స్ చేసి పరుగు తీసే వీలు లేదు. ఎదురుగా ఉన్న లంబకోణం లోపలే బంతి పడాలి. మూడు స్ట్రైకులు (కొట్టబోయి తప్పినా, అందే బంతిని వదిలేసినా పడే తప్పులు) అయితే బ్యాటు భుజాన వేసుకుని నడవడమే.

అందువల్ల దూరంగా కొట్టాలనుకునేవాళ్ళు బలంగా ఊపుతారు; బలంగా ఊపేవాళ్ళకు బంతి తగలకుండా పోవడం కూడా ఎక్కువే. దీన్ని అక్కడివాళ్ళు ఆటలో సహజమైన నష్టంగా లెక్కవేసుకుంటారు. ఈ ఏడాది న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 62 హోమ్ రన్‌లు కొట్టి అమెరికన్ లీగ్‌లో 1961 నుంచి నిలిచిన రికార్డును దాటాడు. అదే సీజన్‌లో 175 సార్లు స్ట్రైక్ అవుట్ అయ్యాడు. అతన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఈ కాలపు లెక్క అది. ఇప్పుడు 2006లో పూహోల్స్ అంకెలు చూడండి. హోమ్ రన్‌లు 49, స్ట్రైక్ అవుట్‌లు 50. ఇరవై రెండు సీజన్లలో ఒక్క సీజన్‌లో కూడా అతను వంద స్ట్రైక్ అవుట్‌లకు చేరలేదు.

నన్నడిగితే, 703 అనే అంకె కంటే ఈ అంకె దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. కొట్టడానికి కండబలం కావాలి, నిజమే. ఏ బంతిని వదిలెయ్యాలో తెలియడానికి కావలసినది వేరు. పిచ్చర్ చేతి నుంచి బంతి విడివడ్డాక అర సెకను కూడా ఉండదు. ఆ లోపల అది తనకు పనికివచ్చే బంతో, తనను ఊరించి చెడగొట్టే బంతో తేల్చుకుని, రెండోదైతే చేతులు కట్టేసుకోవాలి. కాళ్ళు కాస్త ఎడంగా, మోకాళ్ళు వంచి, బ్యాటు భుజం వెనుక నిలిపి అతను నిలబడే తీరులో కదలిక చాలా తక్కువ. కొంగ నీళ్ళలో నిలబడినట్టుంటుంది. మీ ఊరి చేపల చెరువు గట్టు మీద రోజూ కనబడే దృశ్యమే కనుక ఇంతకంటే వివరించనవసరం లేదు.

ప్రశ్న: మాస్టారూ, ఉద్యోగరీత్యా హ్యూస్టన్‌లో ఏడేళ్ళున్నాను. 2005 అక్టోబరు 17 రాత్రి స్టేడియంలో మా కంపెనీ వాళ్ళందరం కలిసి కూర్చున్నాం. మా ఆస్ట్రోస్ జట్టు మొదటిసారి వరల్డ్ సిరీస్‌కు వెళ్ళడానికి ఇంకొక్క అవుట్ చాలు. జనమంతా లేచి నిలబడి అరుస్తున్నారు. అప్పుడు ఆయన కొట్టిన దెబ్బకు నలభై వేల మంది ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు; చలిమర యంత్రాల చప్పుడు వినబడింది. అంతటి నిశ్శబ్దం మళ్ళీ నేను పుష్కరాల రేవులో కూడా, తెల్లవారుజామున కూడా వినలేదు. ఆ దెబ్బ మీకు గుర్తుందా?
(రాజమహేంద్రవరం)

జవాబు: ఆ దెబ్బను ఎవరు మరిచిపోతారు? తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మీవాళ్ళు 4–2 ఆధిక్యంలో ఉన్నారు. ఇద్దరు కార్డినల్స్ బేసుల మీద ఉన్నారు. బ్రాడ్ లిడ్జ్ ఆ కాలంలో ఎదుర్కోవడానికి భయపడే పిచ్చర్. అతను వేసిన స్లైడర్ అనే వంపు బంతి నడిమికి వచ్చింది. బంతి ఎడమవైపు ప్రేక్షకుల మీదుగా, స్టేడియం లోపలే కట్టిన రైలు పట్టాలను కూడా దాటి వెనుకనున్న అద్దాల గోడ వైపు వెళ్ళింది. కార్డినల్స్ 5–4తో గెలిచింది. జ్ఞాపకాల్లో అందరూ ఇక్కడితో ఆగిపోతారు, మీరు కూడా ఆగారు. రెండు రోజుల తరువాత సెయింట్ లూయిస్‌లో జరిగిన తరువాతి మ్యాచ్ గెలిచి వరల్డ్ సిరీస్‌కు వెళ్ళినది మీ ఆస్ట్రోస్ జట్టే. ఓడిపోయిన పోటీలో కొట్టిన దెబ్బను గెలిచినవాళ్ళు పదిహేడేళ్ళ తరువాత కూడా తలుచుకుంటున్నారంటే, ఆ దెబ్బకు పోటీ ఫలితంతో పని లేదన్నమాట.

లెక్కకు చూస్తే అంతకంటే పెద్ద రాత్రి 2011 అక్టోబరు 22. వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో టెక్సాస్ రేంజర్స్ మీద అతను మూడు హోమ్ రన్‌లు కొట్టాడు. ఒకే వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లో మూడు కొట్టినవాళ్ళు అంతకు ముందు ఇద్దరే: బేబ్ రూత్, రెగ్గీ జాక్సన్. అయినా ఎవరూ దాని గురించి ఇలా ఉత్తరం రాయలేదు.

ప్రశ్న: అందరూ పొగుడుతున్నారు కనుక నేను తిట్టి చూస్తాను. 2011లో పెంచిన జట్టును వదిలేసి, 24 కోట్ల డాలర్ల కోసం లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌కు వెళ్ళిపోయాడు. అక్కడ దాదాపు పదేళ్ళు కూర్చుని తిన్నాడు. చివర్లో సొంతూరికి వచ్చి నాలుగు దెబ్బలు కొట్టగానే అన్నీ మరిచిపోవాలా?
(వ్యాపారి, తణుకు)

జవాబు: మరిచిపోనక్కరలేదు. నేను కూడా మరిచిపోలేదు. మొదటి పదకొండేళ్ళలో కార్డినల్స్ తరఫున 445 హోమ్ రన్‌లు, 0.328 సగటు. 2012 నుంచి 2021 మే వరకు ఏంజెల్స్ తరఫున 222 హోమ్ రన్‌లు, 0.260కి దిగువనున్న సగటు. ఆ పదేళ్ళలో జట్టు నాకౌట్ పోటీలకు వెళ్ళినది ఒక్కసారి, 2014లో; అప్పుడు కూడా ఒక్క మ్యాచ్ గెలవలేదు. డబుల్ ప్లేలో ఇద్దరిని ఒకే దెబ్బకు అవుట్ చేయించిన బ్యాటర్లలో చరిత్రలోకెల్లా మొదటి పేరు అతనిదే: 426 సార్లు. బంతిని గట్టిగానే కొట్టేవాడు, అది నేల మీద నేరుగా ఫీల్డర్ దగ్గరకు వెళ్ళేది, ఇతను బేసుకు చేరేలోగా రెండు అవుట్‌లు పూర్తయ్యేవి. 2013లో ఎడమ అరికాలి నొప్పి జులైలోనే సీజన్‌ను ముగించింది. ఆ తరువాత ఆ కాళ్ళు పాత కాళ్ళు కాలేదు.

అయితే ‘కూర్చుని తిన్నాడు’ అన్న మాట దగ్గర నేను మీతో ఏకీభవించను. మీది తణుకు కనుక చెరువుల లీజు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. పోయినేడు టన్నులకు టన్నులు పట్టుబడి వచ్చిన చెరువును చూసి, అదే దిగుబడి పదేళ్ళు వస్తుందని ముందుగా డబ్బు కట్టినవాడు, నాలుగో ఏట నీరు చెడితే చెరువును తిడితే ఎలా? ముప్పై ఒకటి నిండి ముప్పై రెండులో పడుతున్న ఆటగాడికి పదేళ్ళ ఒప్పందం రాసినవాళ్ళు పెద్ద పెద్ద లెక్కలు తెలిసినవాళ్ళు. వాళ్ళు జరిగిపోయిన పదేళ్ళకు రాబోయే పదేళ్ళ డబ్బు ఇచ్చారు. కార్డినల్స్ ఇవ్వజూపినది అంతకంటే తక్కువ. అతను వెళ్ళాడు.

సెయింట్ లూయిస్ ప్రజలు మొదట్లో మీలాగే కోపగించుకున్నారు. అయినా అతని 5 అంకె చొక్కాను ఆ జట్టు మరెవరికీ తొడగలేదు. 2019 జూన్‌లో ఏంజెల్స్ తరఫున అతను మొదటిసారి ఆ ఊరికి తిరిగి వచ్చినప్పుడు ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరునాడు అతను వాళ్ళ జట్టు మీదనే హోమ్ రన్ కొడితే మళ్ళీ లేచి నిలబడ్డారు. పరాయి జట్టు చొక్కాలో ఉన్నవాడికి ఆ మర్యాద అంత తేలికగా దొరకదు. కోపం తీరడానికి ఏడేళ్ళు పట్టింది, అంతే. మీకు ఇంకా కొంత గడువు ఉంది.

ఇక ‘నాలుగు దెబ్బలు’ సంగతి. ఈ ఏడాది నేషనల్ లీగ్‌లో కూడా పిచ్చర్ బదులు బ్యాటింగ్‌కు మాత్రమే ఒక ఆటగాణ్ణి దించే నియమం వచ్చింది. ఆ నియమం రాకపోతే ఇరవై అయిదు లక్షల డాలర్లకు ఒక్క ఏడాది ఒప్పందంతో అతను తిరిగి వచ్చేవాడే కాదు. ఎడమచేతి పిచ్చర్లు ఎదురైనప్పుడు ఎక్కువగా అతన్ని దించారు. జులై నడిమి విరామం నాటికి హోమ్ రన్‌లు ఆరే. నిజం చెప్పాలంటే అప్పటికి నేను కూడా ‘ఎందుకొచ్చిన గొడవ, గౌరవంగా తప్పుకోవచ్చు కదా’ అనుకున్నాను. ఆ తరువాత పద్దెనిమిది కొట్టాడు. నా అంచనా తప్పని ఒప్పుకోవడానికి ఈ శీర్షిక కంటే మంచి చోటు లేదు.

ప్రశ్న: 700 దాటినవాళ్ళు ఎవరెవరు? ఈయన మీద బలం పెంచే మందుల అనుమానం ఏమైనా ఉందా?
(మండపేట)

జవాబు: బ్యారీ బాండ్స్ 762, హాంక్ ఆరన్ 755, బేబ్ రూత్ 714, ఇప్పుడు పూహోల్స్ 703. నలుగురే. సెప్టెంబరు 23 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో 699, 700 వరసగా వచ్చాయి. మనకు అది మహాలయ అమావాస్య ముందు రోజు ఉదయం. చివరిదైన 703వది పిట్స్‌బర్గ్‌లో, మన మహర్నవమి నాటి తెల్లవారుజామున వచ్చింది. ఆ దెబ్బతో రాబట్టిన పరుగుల లెక్కలో రూత్‌ను దాటి రెండో స్థానానికి చేరాడు. ముందున్నది ఆరన్ ఒక్కడే. మందుల సంగతికి వస్తే, పరీక్షల్లో అతను ఎన్నడూ పట్టుబడలేదు, బేస్‌బాల్‌లో మందుల వాడకంపై 2007లో వెలువడిన మిచెల్ నివేదికలో అతని పేరు లేదు.

ప్రశ్న: అంత విలువైన బంతులు ప్రేక్షకుల్లో పడితే ఎవరికి చెందుతాయి? ఆయన వాటిని తిరిగి అడగలేదా?
(నరసాపురం)

జవాబు: పట్టుకున్నవాడిదే బంతి. మామూలుగా జట్టు మనుషులు వెళ్ళి సంతకం చేసిన బ్యాటో, చొక్కానో ఇచ్చి బంతిని తీసుకొస్తారు. ఇతను మాత్రం ఆ బేరాల మీద ఆసక్తి చూపలేదు. సెప్టెంబరు 11న పిట్స్‌బర్గ్‌లో కొట్టిన 697వ హోమ్ రన్ సంగతి చెబుతాను. ఆ దెబ్బతో అలెక్స్ రోడ్రిగెజ్ అనే ఆటగాడి 696 లెక్కను ఇతను దాటాడు కనుక అది చిన్న బంతేమీ కాదు. పట్టుకున్న దంపతులు మ్యాచ్ అయ్యాక దానిని ఇచ్చేద్దామని వచ్చారు. సరిగ్గా ఏడాది క్రితం ఆ రోజునే ఆ భార్య తండ్రి చనిపోయాడని తెలిసి, అతను బంతిని ఆమె దగ్గరే ఉంచుకోమన్నాడు; పైగా సంతకం చేసిన మరో రెండు బంతులు ఆమె చేతిలో పెట్టాడు. తద్దినం నాడు ఇంటికి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదన్నది మన వాడుక. ఆ వాడుక అతనికి తెలిసే అవకాశం లేదు.

ప్రశ్న: నాకౌట్ పోటీలకు ముందు, మామూలు సీజన్‌లోని చివరి ఇంటి మ్యాచ్‌లో ముగ్గురు ఆటగాళ్ళు ఒకేసారి మైదానం వదిలి వచ్చే వీడియో మా వాట్సాప్ బృందంలో తిరుగుతోంది. ఆ మిగతా ఇద్దరు ఎవరు?
(ముమ్మిడివరం)

జవాబు: బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్ యాడియర్ మోలినా, పిచ్చర్ ఆడమ్ వెయిన్‌రైట్. అక్టోబరు 2న అయిదో ఇన్నింగ్స్ నడుమ మేనేజర్ ఆట ఆపించి ముగ్గురినీ ఒక్కసారే బయటకు పిలిపించాడు. మోలినా పంతొమ్మిది సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడి పూహోల్స్‌తో పాటు ఆట మానేశాడు. వెయిన్‌రైట్ మాత్రం 2023లో కూడా ఆడతానని ప్రకటించాడు.

ప్రశ్న: ఇప్పుడు ఆయన ఏం చేస్తారు? నలభై రెండేళ్ళంటే మా ఊళ్ళో వ్యవసాయంలో దిగే వయసు. హాల్ ఆఫ్ ఫేమ్ ఎప్పుడు వస్తుంది?
(రైతు, రావులపాలెం)

జవాబు: హాల్ ఆఫ్ ఫేమ్, అంటే బేస్‌బాల్ మహావీరుల గౌరవ మందిరం, సంగతి తేలిక కనుక ముందు చెబుతాను. కనీసం పది సీజన్లు ఆడి, ఆట మానేసి అయిదేళ్ళు గడిచినవాళ్ళ పేర్లు ఓటింగుకు వస్తాయి. వేసేది బేస్‌బాల్ రచయితలు, కావలసినది నూటికి 75 ఓట్లు. అతని పేరు 2028 ఎన్నికకు వస్తుంది. గెలుస్తాడా అన్నది ప్రశ్నే కాదు; ఎవరైనా వ్యతిరేకిస్తారా అన్నదే ప్రశ్న. ఇంతవరకు అందరి ఓట్లూ పడినది ఒక్కరికే, 2019లో పిచ్చర్ మరియానో రివేరాకు. మరుసటి ఏడాది డెరెక్ జీటర్ ఒక్క ఓటు తేడాతో ఆ గౌరవం కోల్పోయాడు. పూహోల్స్‌కు అన్నీ పడాలని నా కోరిక, ఒకటి రెండు పడవని నా అనుమానం. మీ తణుకు పాఠకుని వంటివాళ్ళు అక్కడ కూడా ఉంటారు.

కాగితం మీద చూస్తే అతని భవిష్యత్తు మళ్ళీ ఏంజెల్స్‌తోనే ముడిపడి ఉంది. 2011 నాటి ఒప్పందంలో ఆట మానేశాక పదేళ్ళ పాటు కోటి డాలర్లకు ఆ జట్టుకు సలహా, సేవల రూపంలో పని చెయ్యాలన్న షరతు ఉంది. పది ఎకరాల పొలం అమ్మినవాడు గట్టు మీది మామిడిచెట్టు కాపు తనకే అని రాయించుకున్నట్టు, ఆ షరతు ఇన్నేళ్ళూ దస్తావేజు అడుగున పడి ఉంది. దానితో పాటు 2005లో అప్పటి భార్యతో కలిసి స్థాపించిన ధర్మసంస్థ ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కుటుంబాలకు, డొమినికన్ రిపబ్లిక్‌లోని పేదలకు అది సాయపడుతుంది. వాళ్ళ పెద్ద కూతురికే డౌన్ సిండ్రోమ్ ఉంది కనుక అది పేరు కోసం పెట్టిన సంస్థ కాదు.

కానీ నన్నడిగితే అతను కుర్రవాళ్ళకు బ్యాటింగ్ నేర్పే చోట ఉండాలి. 2021లో ఏంజెల్స్ పంపేశాక డాడ్జర్స్ జట్టులో కొన్ని నెలలున్నాడు. అక్కడి కుర్రవాళ్ళు అతన్ని ‘టియో ఆల్బర్ట్’ అని, అంటే ‘బాబాయి ఆల్బర్ట్’ అని పిలిచేవారు. ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో ఎదుటి పిచ్చర్ చేతి వేళ్ళ వంక చూస్తూ పక్కవాడికి ఏదో చెబుతూ ఉండేవాడు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ హైస్కూలులో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. బలమున్న కుర్రవాళ్ళకు ఎలా కొట్టాలో చెప్పనవసరం లేదు. చెప్పవలసినది ఏది కొట్టకూడదో. ఆ మాట నా నోటి నుంచి వస్తే పిల్లలు నవ్వుకునేవారు, ఎందుకంటే మాస్టారుకు కొట్టే బలం లేదని వాళ్ళకు తెలుసు. 703 కొట్టినవాడు ‘ఆ బంతిని వదిలెయ్యి’ అంటే నవ్వేవాడుండడు. అతను ఏదో ఒకనాడు ఒక జట్టుకు, బహుశా తన దేశంలోని జట్టుకు, మేనేజరు అయ్యాడని వింటే నేను ఆశ్చర్యపోను.

ప్రశ్న: ఇంత వివరంగా రాస్తున్నారు, మీరు ఆయన ఆటను ఎప్పుడైనా కళ్ళారా చూశారా, లేక ఫోనులో చూసి రాస్తున్నారా?
(అంతర్వేది)

జవాబు: ఒక్కసారి చూశాను. ఈ వేసవిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆగస్టు 18, గురువారం మధ్యాహ్నం మ్యాచ్‌కు అల్లుడు టిక్కెట్లు తెచ్చాడు. కొలరాడో రాకీస్‌తో ఆట. ఎండ మన రోహిణీ కార్తెను తలపించింది. అతని పేరు మొదటి జాబితాలో లేదని తెలిసి నేను నిరుత్సాహపడ్డాను. మా పక్క సీటులో, వెనుక 6 అంకె ఉన్న పాత చొక్కా తొడుక్కుని, ఎనభై ఏళ్ళు దాటిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆరో నంబరు స్టాన్ మ్యూజియల్‌ది, ఆ ఊరివాళ్ళు ‘ది మ్యాన్’ అని పిలుచుకున్న పాత మహావీరుడు. పూహోల్స్‌ను స్పానిష్‌లో అదే అర్థం వచ్చే ‘ఎల్ ఓంబ్రే’ అని పిలవబోతే, ఈ ఊళ్ళో ఆ పేరు మ్యూజియల్ ఒక్కడిదేనని అతను వద్దన్నాడట. పెద్దాయన ఒళ్ళో ఒక స్కోరు పుస్తకం ఉంది. ఒక్కొక్క బంతికి గడిలో పెన్సిలుతో గీతలు గీస్తున్నాడు. అంతర పాఠశాలల పోటీల్లో నేను ఏళ్ళ తరబడి అలాగే స్కోరు రాశాను కనుక నా చూపు మైదానం కంటే ఆ పుస్తకం మీదనే ఎక్కువగా ఉంది.

రాకీస్ ఒక ఎడమచేతి పిచ్చర్‌ను దించింది. మూడు బేసులూ నిండి ఉన్నాయి. మరొక బ్యాటర్ బదులుగా పూహోల్స్ డగౌట్ మెట్లెక్కి బయటకు వచ్చాడు. స్టేడియం మొత్తం లేచింది. అరుపుల్లో మా అమ్మాయి ఏం చెబుతోందో నాకు వినబడలేదు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు మాత్రం వినబడింది. ఎండు కొబ్బరి మట్టను మోకాలి మీద విరిచినట్టుంది. అది ఎడమవైపు ప్రేక్షకుల్లో పడింది. నాలుగు పరుగులు, 690వ హోమ్ రన్. ఆ రోజు కార్డినల్స్ 13–0తో గెలిచింది.

అందరూ నిలబడే ఉన్నారు. పెద్దాయన కూర్చున్నాడు. హోమ్ రన్ కొడితే ఆ గడిలోని చతురస్రం మొత్తం నల్లగా నింపాలి. చెయ్యి వణికి పెన్సిలు ముక్కు పుటుక్కున విరిగింది. జేబులు తడుముకున్నాడు, ఇంకొకటి లేదు. నేను చొక్కా జేబులోని నా బాల్ పెన్ను తీసి ఇచ్చాను. ఆయన గడిని నింపి, పెన్ను తిరిగి ఇచ్చి, చెక్కడానికి చిన్న చాకు ఒకటి బయటకు తీశాడు. ఆ పుస్తకంలో ఆ పేజీ అంతా పెన్సిలు గీతలే. ఒక్క గడి మాత్రం నీలం సిరాతో ఉంటుంది.